ఓబుళేసు వేసిన గొలుసు

మొక్కుల నిప్పు ఎగిరి కొండ అంటుకుందనీ, ఆ నిప్పు పెట్టించిన మా అన్న ఓబుళేసు చివరికి అందులోనే పోయాడనీ చెప్పేవాళ్ళు మా వైపు ఇప్పటికీ ఉన్నారు. చెప్పనీ. వాళ్ళ నోళ్ళు మూయించే అధికారం నాకు లేదు. జరిగింది మాత్రం నేను చెబుతాను.

మా ఊరు లేపాక్షి రోడ్డుకు ఎడంగా, ఒక కొండ మొదట్లో ఉంటుంది. కొండంతా సర్కారు అడవి. అడవి అనగానే పెద్ద మాన్లు ఊహించుకోవద్దు. బందారు పొదలు, చండ్ర, సీతాఫలం చెట్లు, వాటి మధ్య నడుమెత్తు బోద గడ్డి. శివరాత్రి దాటితే ఆ గడ్డి కాలికి తగిలి గలగలమంటుంది. కొండ మీద బండల మధ్య ఒక నీటి గుంట ఉంది. దాన్ని దొన అంటాం. దొన పక్కన నరసింహస్వామి అని మేము మొక్కే ఒక రాయి ఉంది.

ఆ కొండను అన్న కాల్చినన్ని సార్లు ఇంకెవరూ కాల్చి ఉండరు. గొర్రెలు కాసేవాడు. వానల ముందు ఎండు గడ్డికి నిప్పు పెడితే తొలకరికి లేత పచ్చిక వస్తుందని గొర్రెలవాళ్ళందరూ చేసే పనే అది. ఒక ఏడాది గాలి తిరిగింది. మంట వెనక్కి వచ్చి మా మందలో ఈనిన గొర్రెల్ని, పిల్లల్ని మింగేసింది. ఆ తర్వాత అన్న బీడీ ముట్టించాలన్నా బండ వెతుక్కుని దాని మీద కూర్చునేవాడు.

తొంభైల చివర్లో ఎండాకాలం కొండను మూసేయడం మొదలైంది. శివరాత్రి నుంచి వానలు పడేదాకా ఎవరూ ఎక్కకూడదు. కట్టెలకు లేదు, మేపుకు లేదు, మొక్కుకు లేదు, చూసి రావడానికీ లేదు. ఎవరూ వినకపోయేసరికి కొన్నేళ్ళకు ఫారెస్టు ఆఫీసు పెద్దసారు కాపలాకు అన్నను పెట్టుకున్నాడు. ఊరంతా నవ్వింది.

"దొంగ చేతికే తాళాలిచ్చినారు గదప్పా!"

"ఇంటి సందులు దొంగకు తెలిసినట్ల ఇంగెవునికి తెలుస్తాయిరా?" అని అన్న వాళ్ళకంటే గట్టిగా నవ్వాడు.

ఒక ఖాకీ చొక్కా, ఒక ఇనుప ఈల ఇచ్చారు. ఎండిపోయిన మా బావి దగ్గర తుప్పు పడుతున్న గొలుసును అన్నే మోసుకుపోయి, కొండ దారికి అటూ ఇటూ రాతి కూసాలు పాతి అడ్డంగా కట్టాడు. ఆ ఈలంటే ఎంత మురిపెమో. సద్ది రావడం ఆలస్యమైతే కొండ మొదట్నుంచి ఊదేవాడు. మా వదిన లక్ష్మీదేవి సద్దిగిన్నె పట్టుకుని తిట్టుకుంటూ పోయేది. "నేనేమన్నా నీ గొర్రెనా? ఇంగోసారి ఊదితే ఆ ఈల సంగటిలో కలిపి పెడతా."

2003 కరువులో గంగక్క వచ్చింది. మాకు పెద్దమ్మ వరస. మా ఊళ్ళో బిడ్డకు జబ్బు నయమైతే కొండకు నిప్పు చూపిస్తామని మొక్కుకుంటారు. దొన దగ్గర ఒక ఎండు పొద ముట్టించి, అది కాలిపోయేదాకా చూసి దిగుతారు. మంట ఆ పొదతో ఆగుతుందని నమ్మకం. ఆగకపోతే స్వామికి ఆకలెక్కువైంది అనుకునేవాళ్ళు తప్ప, తప్పు తమదని ఎవరూ అనుకోలేదు. గంగక్క మనవడికి జ్వరం తగ్గింది. చట్టిలో పిడక నిప్పు పెట్టుకుని గొలుసు ముందు నిలబడింది.

"దించురా గొలుసు."

"దించను పెద్దమ్మా. వానలు పడనీ."

"వానలు పడినాంక పచ్చి పొద కాలుతుందా? స్వామికి సాకు నువ్వు చెప్తావా?"

"నేనే చెప్తా. తిట్టేదుంటే నన్నే తిట్టమను."

"ఖాకీ గుడ్డ తొడుక్కుంటే స్వామికంటే పెద్దోనివైనావా? ఇన్నాళ్ళూ కొండను కాల్చిండేది నువ్వు గాదా?"

"నేనే. అందుకే అడ్డం నిలబడినా. కాలేటప్పుడు గొర్రెలు ఎట్ల అరుస్తాయో నువ్వు ఇన్లేదు, నేను ఇనినా."

అన్న కొండ మొదట్లో ఉన్న పరుపుబండ చూపించాడు. గడ్డి పరక లేని బండ. ఎండు పొద తానే కొట్టుకొస్తానని, నీళ్ళు పక్కన పెట్టుకుని ఇక్కడే నిప్పు చూపించమని, స్వామికి పైనుంచి కనపడుతుందని అన్నాడు.

"సరే. మరి రేపు దుడ్లుండేటోళ్ళు కార్లల్లో వస్తే?"

"గొలుసు అందరికీ ఒకటే పెద్దమ్మా. స్వామి మీద ఒట్టు."

ఆ ఒట్టు మీదే గంగక్క మొక్కు కింద తీర్చుకుంది. ఆమెను చూసి మిగతావాళ్ళూ తీర్చుకున్నారు. ప్రతిసారీ అన్న బూడిద మీద నీళ్ళు పోసి, చేత్తో కెలికి చూసి, గుంట తీసి పూడ్చాడు. ఆ ఏడాది ఉగాది దాటినా కొండ కాలలేదు. మా ఊరు అలాంటి ఎండాకాలం చూసి ఎన్నేళ్ళైందో ఎవరికీ గుర్తులేదు.

ఒక మధ్యాహ్నం ఫారెస్టు గార్డు జయరాం జీపులో వచ్చాడు. వెంట లేపాక్షి నంది చూసి వస్తున్న మనుషులు, వాళ్ళ చేతుల్లో కోళ్ళు, గిన్నెలు, మసాలా పొట్లాలు. దొన దగ్గర వండుకుని తినాలని వాళ్ళ ముచ్చట.

"గొలుసు తియ్ ఓబుళేసూ. పెద్దసారు చుట్టాలు."

"పెద్దసారే గదన్నా మూసిండేది?"

"సారు మూసింది ఊరోళ్ళకప్పా. ఈళ్ళకు గాదు."

"గడ్డికి చెప్పినావా ఆ మాట? ఊరోని నిప్పుకే అంటుకోమని?"

చుట్టాల్లో ఒకాయన నవ్వాడు. "భలే మాట్లాడతాడే మీ వాచరు!"

జయరాం నవ్వలేదు. జీపు దిగి తన చేతులతోనే గొలుసు కొక్కెం తీశాడు. గొలుసు తీసింది మా అన్న కాదు. గంగక్క అక్కడే ఉంది, చూసింది.

"ఒట్టు ఎండకు కరిగిపాయనా ఓబుళేసూ?" అంది.

వాళ్ళు గొలుసు దాటి పైకి నడిచాక అన్న మళ్ళీ కొక్కెం తగిలించి, కూసానికి ఆనుకుని నిలబడ్డాడట. జయరాంతో జీపు వెనక్కి తిరిగి పోయింది. ఎందుకు పోయిందో ఎవరూ అన్నకు చెప్పలేదు. చుట్టాలు అటువైపు రోడ్డుకు దిగుతారని, జీపు అక్కడ కాచుకుని ఉంటుందని జయరాంకు తెలుసు. కాపలావాడికి చెప్పాలని అతనికి తోచలేదు.

పొద్దు వాలుతుండగా దొన వైపు పొగ లేచింది. సద్దిగిన్నె తీసుకుపోవడానికి వచ్చిన వదినను ఊళ్ళోకి పరిగెత్తించి, పచ్చి కొమ్మ విరుచుకుని అన్న పైకి ఎక్కాడు. పోయేముందు వదిన ఆపబోయింది.

"పైన మనుషులుండారు లచ్చిందేవీ" అన్నాడు. అంతే.

పైన మనుషులు లేరు. పొగ చూడగానే అటువైపు దిగిపోయి, రోడ్డు పక్కన ఇమాంసాబ్ టీ కొట్టులో కూర్చున్నారు. తర్వాతి సంగతి నాకు ఇమాంసాబే చెప్పాడు.

"టీ పోస్తాండా. కొండ మీద ఈల ఇనపడింది. ఊదుతాడు, నిలుపుతాడు, మళ్ళా ఊదుతాడు. ఎవరినో పిలిచినట్ల. సార్, పైన మనిషుండాడు అన్నా. వాచర్ ఉండాడులే, ఆడు చూసుకుంటాడు అన్న్యాడు ఒకాయన. జయరాం నేల సూపులు సూస్తాండాడు. నేను కొండ దిక్కు చూస్తా పోస్తే టీ ఆయప్ప మీద ఒలికిపాయ. ఆ మనిషి తన ప్యాంటు చూసుకున్న్యాడు, కొండను చూడల్యా."

ఇమాంసాబ్ కొట్టు వదిలేసి పరిగెత్తాడు. ఇటువైపు నుంచి ఊరు ఎక్కింది. కొమ్మలతో కొట్టి కొట్టి మంట ఆర్పేసరికి అన్న సీతాఫలం చెట్ల కింద పడి ఉన్నాడు. పక్కన కాలని కోడి బొచ్చు, మాడిన పొయ్యి రాళ్ళు. ఈల పిడికిట్లో ఉంది.

నేను హిందూపురం నుంచి వచ్చేసరికి పెద్దసారు వచ్చి పోయాడు. పరుపుబండ మీద మసి మరకలు చూసి, "ఈ మూఢనమ్మకాల వల్లే కొండలు తగలబడుతున్నాయి" అన్నాడట. ఆ మసి ఉగాది నాటిది. పొయ్యి రాళ్ళు పైనున్నాయని ఇమాంసాబ్ చెప్పబోతే, నువ్వు టీ అమ్ముకో అన్నారు. మా ఊరివాళ్ళూ తక్కువవాళ్ళు కాదు. వాడు ఒట్టు తప్పాడు, స్వామి వదల్లేదు అన్నారు. పెద్దసారుకు మొక్కు అడ్డం దొరికింది, వీళ్ళకు స్వామి దొరికాడు. కోడిని వండినవాళ్ళ పేరు ఎవరి నోటా రాలేదు.

కొండను మూయడం తప్పని నేను అనను. అన్న కూడా అనలేదు. మా ముఖాన మూసి, వాళ్ళ కాళ్ళకు తెరవడం ఉందే, దానికే నా కడుపు ఇప్పటికీ మండుతుంది.

మరుసటి ఎండాకాలం మళ్ళీ మూశారు. కొత్త కాపలావాడు వచ్చాడు. వదినను ఎవరూ పెట్టుకోలేదు, అయినా ఆమె రోజూ పోయి గొలుసు దగ్గర కూర్చునేది. అప్పుడు నేనూ ఊళ్ళోనే ఉన్నాను. మళ్ళీ జీపు వచ్చింది, వేరే చుట్టాలు. జయరాం దిగాడు. వదిన గొలుసును నడుముకు చుట్టుకుని కూసానికి ఆనుకుంది.

"తప్పుకో లక్ష్మీదేవమ్మా. నా ఉద్యోగం పోతుంది."

"నా మొగుడే పాయ. నీ ఉద్యోగం పోతే ఏమప్పా?"

గంగక్క కర్ర ఊతంగా వచ్చి వదిన పక్కనే చతికిలబడింది. జీపులో ఉన్న గిన్నెల వంక చూసింది.

"స్వామి మొక్కే ఈ బండ మీద తీర్చుకున్న్యా నేను. మీ కోడి స్వామికంటే గొప్పదా నాయనా? ఈడనే ఉడకేసుకోండి. నీళ్ళు నేను తెస్తా."

ఎవరూ దిగలేదు. జయరాం గొలుసు మీద చెయ్యి వెయ్యలేదు. జీపు తిరిగింది. వదిన కొంగు ముడి విప్పి అన్న ఈల తీసింది. అప్పటిదాకా ఆమె దాన్ని ఊదగా నేను చూడలేదు. జీపు మలుపు తిరిగి దుమ్ము అణిగేదాకా, ముఖం ఎర్రబడి కళ్ళు నీళ్ళు కారుతున్నా, ఊదుతూనే ఉంది.