గవర్నర్ ముందు మా నాయన, నేను

ఆత్మకూరు బస్టాండుకు దగ్గర్లో మా ఆయనది మోటార్ వైండింగ్ షాపు. దాన్ని ఆనుకుని ఉన్న చిన్న గదిలో నా కుట్టు మిషన్. ఆయన ముస్లిం. నేను వీపనగండ్ల దగ్గర వేరుశనగ వేసుకునే హిందూ రైతు కూతురిని. ఒకసారి బోరు మోటారు కాలిపోతే, నాయన దాన్ని ఆటోలో వేసుకుని నన్ను తోడు తీసుకుని ఈ షాపుకే వచ్చాడు. ఆయన్ని మొదట చూసింది అప్పుడే. మా పెళ్లి గద్వాల రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. మా ఇంటి నుంచి ఎవరూ రాలేదు, మేం చెప్పనూ లేదు. ఆ తర్వాత మోటారు ఎన్నిసార్లు కాలినా నాయన వనపర్తికే మోసుకెళ్లాడు కానీ ఆత్మకూరు వైపు రాలేదు. అమ్మ పోయినప్పుడు నన్ను గడప దాటనిచ్చాడు. మాట మాత్రం కలపలేదు.

మా అమ్మాయి డిగ్రీలో చేరాక ఆ బిల్లు వచ్చింది. తల్లిదండ్రుల సంతకం లేకుండా పెళ్లి నమోదు చేయకూడదట. అసెంబ్లీలో పాసయింది. ఇక గవర్నర్ సంతకం పడితే చట్టమే. టీ హోటల్లో మగవాళ్లు దాని గురించి అరుచుకునేవాళ్లు. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లు మాత్రం నన్ను చూడగానే ఆ మాట ఆపేసేవాళ్లు. వాళ్లు అలా ఆపినప్పుడల్లా నా చేతిలో కుట్టు వంకరపోయేది.

ఒకరోజు వనపర్తి నుంచి ఒక లాయరమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"అక్కా, గవర్నర్ నాగర్‌కర్నూలుకు వస్తుండ్రు. సంతకం పెట్టొద్దు సార్, బిల్లు వాపస్ పంపుండ్రి అని అడగనీకె పోతున్నం. చట్టం సంగతి నేను చెప్త. గట్ల పెండ్లి చేసుకున్నోళ్లు ఒక్కరన్నా ఉండాలె గద. నువ్వు జర నోరిప్పాలె."

వెంటనే ఒప్పుకున్నాను. ఆ మధ్యాహ్నం మా అమ్మాయి నన్ను మిషన్ దగ్గర నిలబెట్టి మాట్లాడించింది. "'సార్, గట్ల పోయిన ఆడపిల్లను నేనే' అని షురూ చెయ్యమ్మా. ఇగ ఎవ్వరేమంటరో చూద్దాం," అంది. దాని ముఖంలో ఉన్న గర్వం చూసి నాకూ ధైర్యం వచ్చింది.

నాగర్‌కర్నూలు గెస్ట్‌హౌస్ ఆవరణలో షామియానా వేశారు. ఒక పక్క కుర్చీల్లో మేము. ఎదురు పక్క కుర్చీల్లో, త్వరగా సంతకం పెట్టమని అడగడానికి వచ్చినవాళ్లు. ఆ రెండో వరుసలో, భుజం మీద తువ్వాలుతో మా నాయన కూర్చుని ఉన్నాడు. చాలా సన్నబడ్డాడు. నన్ను చూశాడు. చూసి, ముఖం కూలర్ వైపు తిప్పుకున్నాడు.

"ఎవరక్కా, గట్ల చూస్తున్నవ్?" అంది లాయరమ్మ.

"మా ఊరాయన," అన్నాను.

అంత మాట నోటి నుంచి ఎలా వచ్చిందో తెలియదు. సర్దుకుని మళ్లీ చెప్పే వీలున్నా చెప్పలేదు.

ఇంతలో ఒక ఉద్యోగి వచ్చి, గవర్నర్ గారికి సమయం తక్కువ ఉందని, రెండు వైపుల వాళ్లూ కొద్దిమంది చొప్పున కలిసే లోపలికి రావాలని చెప్పాడు. అలా నాయన, నేను ఒకే గదిలోకి వెళ్లాం. ఇద్దరి మధ్యా రెండు కుర్చీలంత దూరం. గవర్నర్ పక్కన కూర్చున్న అధికారి మా మాటల్ని తర్జుమా చేస్తున్నాడు. గవర్నర్ ఎవరినీ తొందరపెట్టకుండా వింటున్నారు.

అవతలి వైపు పెద్దమనిషి మాట్లాడి, చివరికి మా నాయన భుజం పట్టుకుని ముందుకు జరిపాడు. "సార్, ఈ రైతును చూడుండ్రి. ఉన్నది ఒక్కతే బిడ్డ. చెప్పకుండ పోయింది. ఈయన లెక్క ఇంకో తండ్రి బాధపడొద్దనే మేమడిగేది."

గవర్నర్ ఏదో అడిగారు. అధికారి తెలుగులో చెప్పాడు: "మీ అమ్మాయి ఇప్పుడు ఎక్కడ ఉంటోందని అడుగుతున్నారు."

నాయన తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాడు. నా వైపు చూడలేదు.

"తెల్వదు సార్," అన్నాడు.

తర్వాత నా వంతు. లాయరమ్మ వెనక నుంచి నా వీపు మీద చెయ్యి వేసింది. నేర్చుకున్న మొదటి మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"సార్, నాకు ఎరికైనామె ఒకామె ఉంది," అన్నాను.

వీపు మీది చెయ్యి జారిపోయింది. నేను నా బతుకంతా ఇంకొకరిదిగా చెప్పుకుపోయాను. "ఆమె గిట్లనే పెండ్లి చేసుకుంది సార్. సంతకం అడిగితే వాళ్ల నాయిన పెట్టకపోతుండె. ఆమెకు ఒక బిడ్డ ఉంది. మొగడు మంచోడు. ఎవ్వరికీ అన్యాయం చెయ్యలే. గీ బిల్లు అప్పుడుంటే ఆమె ఏమయ్యేదో సార్."

"ఆమె రాలేదా?" అని అడిగాడు అధికారి.

"రాలేదు సార్."

నేనే ఆ కూతురినని చెబితే అంతమందిలో నాయన అబద్ధాలకోరు అయిపోతాడని ఆపుకున్నానని తర్వాత నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది కొంత నిజం. నాయన పక్కనున్న వాళ్లంతా ఒక్కసారి నా వైపు తిరిగి, నా తాళిలేని మెడా, నా చీరా చూస్తారన్న భయమే ఎక్కువ నిజం.

బయటికి వచ్చాక లాయరమ్మ నన్నేమీ తిట్టలేదు. "ఏమైందక్కా?" అని మాత్రం అడిగింది. భయమేసిందన్నాను. నీళ్ల క్యాను దగ్గర నాయన నీళ్లు తాగుతున్నాడు. నేనూ అక్కడికే వెళ్లాను. ఆయన గ్లాసు కడిగి పెట్టి, తనవాళ్ల బండి వైపు నడిచాడు. ఆ గ్లాసుతోనే నేను తాగాను.

ఇంటికి వెళ్లేసరికి మా అమ్మాయి వాకిట్లోనే ఉంది. "చెప్పినవా అమ్మా? నేనే అని చెప్పినవా?"

"చెప్పిన," అన్నాను.

అది నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. మా ఆయన నా ముఖం చూసి, మళ్లీ రాగి తీగ చుట్టుకుంటూ కూర్చున్నాడు.

కొన్నాళ్లకు గవర్నర్ బిల్లు మీద సంతకం పెట్టకుండా, మళ్లీ ఆలోచించమని అసెంబ్లీకి తిప్పి పంపారని వార్త వచ్చింది. లాయరమ్మ ఫోన్ చేసి, వనపర్తిలో అందరం కలుస్తున్నాం రమ్మంది. పని ఉందన్నాను. ఆ వారంలోనే మా అమ్మాయి ఇద్దరు స్నేహితురాళ్లను ఇంటికి తీసుకొచ్చి, "మా అమ్మ గవర్నర్‌కే చెప్పింది," అని చూపించింది. ఆ పిల్లలు నన్ను చూసిన చూపుకు నేను తలెత్తలేకపోయాను. వాళ్లు వెళ్లాక అంతా చెప్పేశాను, తాత సంగతితో సహా.

అది స్నేహితురాళ్లు తాగిన గ్లాసులు కడిగి బోర్లించింది. తర్వాత, "తాత నిన్ను తెల్వదన్నడు. సరే. నువ్వు రాలేదన్నది కూడ నిన్నే గదా అమ్మా," అంది.

మరునాడు పొద్దున్నే బస్సెక్కి ఊరికి పోయాను. నాయన వసారాలో కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయ ఒలుస్తున్నాడు. కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను.

"నాయినా, ఆ పొద్దు నేను రాలేదని చెప్పిన. నా నోటితోని నేనే."

"ఇన్న."

ఇంకో గుప్పెడు కాయలు ఒడిలోకి తీసుకున్నాడు.

"మావోళ్లు మెచ్చుకున్నరు," అన్నాడు. "మంచిగ చెప్పినవని బండిల వీపు తట్టిండ్రు. ఇంటికొచ్చినంక బువ్వ తినబుద్ధి గాలే." ఒలిచిన గింజలు చేటలో వేశాడు. "బిల్లు కావాలెననే నేనిప్పటికీ అంట. అది వేరే. ఎదురుంగ ఉన్న బిడ్డను తెల్వదని అనకుంటే బాగుండు."

"నేను వద్దనే అంట నాయినా."

"అను."

చేట ఇద్దరి మధ్యకు జరిపాడు. బస్సు వేళయ్యే దాకా ఒలిచాను. అల్లుడి సంగతి ఎత్తలేదు. "పిల్ల ఏం చదువుతుంది?" అని మాత్రం అడిగాడు. చెప్పాను. లేచినప్పుడు మళ్లీ రమ్మనలేదు, వస్తానని నేనూ అనలేదు. అడగాల్సిన క్షమాపణ సగమే అడిగానని, ఆయన్ని 'మా ఊరాయన' అన్న సంగతి చెప్పనే లేదని, మా అమ్మాయి అనకపోతే ఆ సగమూ అడిగేదాన్ని కాదని బస్సులో కూర్చున్నాక తెలిసింది. పక్క సీటులో మా ఊరామె పలకరిస్తే, నిద్ర వస్తున్నట్టు కళ్లు మూసుకున్నాను.