నీళ్లు పోశాక వేసే పొగ

మా అత్తమ్మ నా బిడ్డకు పొగ వేస్తున్నంతసేపూ నేనూ ఊపిరి బిగబట్టేదాన్నని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అప్పుడు ఆత్మకూరులో ఉండేవాళ్లం. శివరాత్రి దగ్గరపడినా చలి తగ్గలేదు. బిడ్డకు నీళ్లు పోశాక అత్తమ్మ నిప్పుల మీద వాము, వెల్లుల్లి పొట్టు చల్లి, ఆ పొగపై పసిదాన్ని అటూ ఇటూ తిప్పేది. పొగ దగ్గును పెంచుతుందని ఒక పుస్తకంలో చదివాను, కానీ చెప్పడానికి నోరు పెగల్లేదు.

ఒకరోజు బిడ్డ దగ్గి దగ్గి, ఏడుపు కూడా రాక, ముఖం నల్లబడింది. అత్తమ్మ చేతుల్లోంచి లాక్కుని వాకిట్లో ఎండలోకి పరుగెత్తాను. అప్పుడు బిడ్డ గట్టిగా ఏడ్చింది.

అత్తమ్మ వెనకే వచ్చింది. తిడుతుందనుకున్నాను. కొంగుతో బిడ్డ ముఖం తుడుస్తూ అంది:

"గింత భయం పెట్టుకొని సప్పుడు చెయ్యకుంట నిలవడ్డవా? నోరు తెరువొద్దానె పిల్లా? బిడ్డ నీది గాదా?"