వెనక్కి తిరగని నార

రూసే పట్నంలో, డాన్యూబు నది వైపు మొహం పెట్టుకున్న ఎనిమిదంతస్తుల కాంక్రీటు భవనంలో, గ్రోజ్దాన్‌ని అందరూ మేస్త్రీ అనే పిలిచేవారు. పిలిచేవాళ్లు నవ్వు బిగబట్టుకుని పిలిచేవారు, పలికేవాడు ఛాతీ విరుచుకుని పలికేవాడు. నిజానికి ఓడల మరమ్మతు యార్డులో ఆయన చేసింది మేస్త్రీ పని కాదు, స్టోరులో కూర్చుని సామాన్లు అందించే పని. అడిగినవాడికి పానా, అడిగినవాడికి సుత్తి అందిస్తూ అందిస్తూ, ఆ ఓడలన్నీ తన చేతుల మీదుగానే నీళ్లలోకి దిగాయన్న నమ్మకంతో రిటైరయ్యాడు. ఆ నమ్మకాన్ని వదిలించే మందు రూసేలో ఏ షాపులోనూ దొరకలేదు.

ఆయనకు తెలిసిన విద్య ఒక్కటే, బిగించడం. వంటింటి కుళాయి బిగించాక దాన్ని రెండు చేతులతో తిప్పాల్సి వచ్చేది. కిటికీలోంచి చలిగాలి వస్తోందంటే నాలుగు మూలలా మరలు బిగించాడు. గాలి ఆగింది, కిటికీ మళ్లీ తెరుచుకోలేదు. అల్మరా తలుపు బిగించిన నాటి నుంచి ఆయన భార్య వెస్కా పళ్లేలు బల్ల కింద పెట్టుకుంటోంది. ఇంట్లో ఏదీ ఊడదు, ఏదీ కారదు. "నా గడపలో ప్లంబరు కాలు పడలేదు" అని గ్రోజ్దాన్ చెప్పుకుని మురిసిపోయేవాడు. ఆ మురిపెం ఖరీదు వెస్కా కడుతూ ఉండేది.

కిందటి డిసెంబరులో, సెయింట్ నికొలాస్ పండక్కి బారెడు కార్ప్ చేప కొనుక్కొచ్చి, నీరోడడానికి దాన్ని స్నానాలగదిలో షవర్ గొట్టానికి వేలాడదీశాడు. గోడలోంచి వంగి వచ్చే ఆ గొట్టానికి అప్పటికే తుప్పు. చేపా గొట్టమూ కలిసి ఢామ్మని కింద పడ్డాయి. చేపను పండగనాడు ఇరుగుపొరుగుతో కలిసి తిన్నారు. గొట్టం సంగతి "రేపు చూద్దాం" అన్నాడు మేస్త్రీ. ఆ రేపు చలికాలమంతా రాలేదు.

వసంతంలో వెస్కా కుడి భుజం పట్టేసింది. మగ్గు తలదాకా లేవదు. తలంటుకోవాలంటే ఆవిడ స్టూలు మీద కూర్చోవాలి, మొగుడు నీళ్లు పొయ్యాలి. నీళ్లలో సగం ఒక చెవిలోకి పోయేవి, ఆయన ఉపన్యాసం మొత్తం రెండో చెవిలోకి పోయేది. తలుపు గడియ వేసుకుని, నిలబడి, ఎవరి మాటా వినబడకుండా ఒక్కసారి తల తడుపుకోవాలి. వెస్కా కోరిక అంతకు మించి లేదు. మొగుణ్ణి నమ్ముకుని ఆర్నెల్లు ఆగింది, పాపం.

చలికాలానికి పచ్చడి పట్టి సీసాల్లో నింపుకునే మిరపకాయల రోజులొచ్చాయి. ప్రతి బాల్కనీలోనూ ఎర్ర మిరపకాయలు కాలుతున్నాయి, ప్రతి వంటింట్లోనూ సీసాలు కడుగుతున్నారు. వెస్కా జుట్టుకు పొగవాసన పట్టింది. ఓ శనివారం పొద్దున ఆవిడ బజారుకెళ్లి కొత్త షవర్ గొట్టం కొనుక్కొచ్చి మొగుడి కాఫీ కప్పు పక్కన పెట్టింది.

"ఇవాళ పెడతావా, ప్లంబర్ని పిలవమంటావా?"

"ప్లంబరా! నేను పోయాక పిలుచుకో."

"అప్పుడు ఈ గొట్టం శవానికి స్నానం చేయించడానికైనా పనికొస్తుందిలే. లే ముందు."

లేచాడు. గొట్టంతో పాటు, నీళ్లు కారకుండా మరలకి చుట్టే తెల్ల టేపు చుట్ట ఒకటి వచ్చింది. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చెత్తబుట్టలో పడేశాడు. "దెబ్బ తగిలిన వేలికి చుట్టుకునే గుడ్డ ఇది. మరలకి నార చుట్టాలి. నారయితే ఉబ్బుతుంది, పట్టేస్తుంది, మనవళ్ల కాలం దాకా చుక్క కారదు" అన్నాడు. బాల్కనీలోని సామాను గుట్టలోంచి యార్డు నాటి నారకట్ట బయటికొచ్చింది. ఆయన దాన్ని దువ్విన శ్రద్ధలో పదో వంతు పెళ్లాం జుట్టు మీద పెట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

షవర్ గొట్టం మార్చాలంటే కుళాయి కట్టేసి ఉంటే చాలు. కానీ అలా చేస్తే మేస్త్రీ పని చేస్తున్నాడని ఎవరికి తెలుస్తుంది? గ్రోజ్దాన్ సెల్లారులోకి దిగి ఆ మెట్ల మీది ఇళ్లన్నిటికీ నీళ్లు కట్టేశాడు. సీసాలు కడుగుతున్న ఇల్లాళ్లందరి చేతుల్లో ఒక్కసారిగా కుళాయిలు ఎండిపోయాయి.

కింది అంతస్తు స్పాస్కా, మోచేతుల దాకా మిరప తొక్కలతో మెట్లెక్కి వచ్చింది. "ఒరేయ్ గ్రోజ్దాన్, నీ చేతులు పడిపోను! మిరపకాయల రోజు నీళ్లు కట్టేస్తావురా? నీకు మతుందా?"

"పని జరుగుతోంది స్పాస్కా. పెద్ద పని."

"ఏం పనిరా, డాన్యూబుకి ఆనకట్ట కడుతున్నావా?"

ఆమె వెనకే ఎదురింటి లాల్యో వచ్చాడు. ఒకవైపు గడ్డం గీసి ఉంది, రెండో వైపు నురగ ఉంది. తిట్టడానికి వచ్చినవాడు నారకట్ట చూడగానే మెత్తబడి, ఇంకాస్త దట్టంగా చుట్టమని సలహా ఇచ్చాడు. మా వైపు మగవాడికి గడ్డం సగంలో ఆగినా ఫరవాలేదు, సలహా మాత్రం సగంలో ఆగకూడదు.

గ్రోజ్దాన్ దట్టంగా చుట్టాడు. పానా పట్టి తిప్పాడు. గొట్టం మూతి పైకి తిరిగింది, పక్కకి తిరిగింది, నేల వైపు దిగింది. అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. "ఇంకొక్క పిసరు" అన్నాడు లాల్యో. మేస్త్రీ ఇంకొక్క పిసరు బిగించాడు. మరో పిసరు బిగించాడు. గోడ కిర్రుమంది. గొట్టం మూతి తిన్నగా తలుపు వైపు తిరిగి కొయ్యబారిపోయింది.

నీళ్లు వదిలారు. షవర్ చిమ్మితే ఆ ధార బట్టలుతికే మిషను మీదుగా ఎగిరి గుమ్మంలో నిలబడ్డ స్పాస్కా ఏప్రను మీద పడింది.

"ఇది షవరా, ఫైరింజనా?" అన్నాడు లాల్యో, సలహా ఇచ్చింది తను కానట్టు.

"కాస్త వెనక్కి తిప్పు" అంది వెస్కా.

గ్రోజ్దాన్ ఆవిణ్ణి జాలిగా చూశాడు. "నారని వెనక్కి తిప్పరు వెస్కా. తిప్పితే కారుతుంది."

"అయితే విప్పి మళ్లీ చుట్టు."

"మళ్లీ చుట్టేవాడు మేస్త్రీ కాడు. చూశావా, చుక్క కారట్లేదు! నువ్వు గుమ్మం దగ్గర నిలబడు, సరిపోతుంది."

"తలుపు తీసి పెట్టి, వసారాలో నిలబడి స్నానం చెయ్యనా?"

"కర్టెన్ కడతాలే" అన్నాడాయన. కర్టెన్ కొక్కెం కూడా తనే బిగిస్తానన్నాడు. ఆ మాటతో వెస్కాకు కోపం కన్నా ఏడుపు ఎక్కువ వచ్చింది. స్పాస్కా ముందు ఏడవడం ఇష్టంలేక వెళ్లి మిరపకాయల ముందు కూర్చుంది.

పని ముగిసిందంటే మందు పడాలి. మేస్త్రీని లాల్యో తన ఇంటికి లాక్కెళ్లాడు. ప్లమ్ సారా, టమాటా ముక్కలు, తెల్ల జున్ను ముందు పెట్టుకుని గ్రోజ్దాన్ నార మహిమ మొదటి నుంచి చెప్పాడు. యార్డులో ఓ ఓడ అడుగున కారే నీళ్లని కూడా నారతోనే ఆపానన్నాడు. ఆ రోజు ఆయన ఇచ్చింది నార మాత్రమేనని చెప్పేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

ఇంటికొచ్చేసరికి స్నానాలగదిలో నీళ్ల చప్పుడు. వసారా పొడిగా ఉంది. తలుపు గడియ వేసి ఉంది. గ్రోజ్దాన్ చెవి తలుపుకు ఆనించాడు. ధార కింద, గోడ వెంట, సన్నగా టప్ టప్ మని మరో చప్పుడు.

"వెస్కా! దాన్ని వెనక్కి తిప్పావా?"

"తిప్పాను. ఎడం చేత్తోనే తిప్పాను."

"కారుతోందే!"

"కారుతోంది. షవర్‌లోంచీ కారుతోంది, గోడ మీంచీ కారుతోంది. అంతా నా కాళ్ల కింద జాలీలోకే పోతోంది. కుళాయి కట్టేస్తే రెండూ ఆగుతాయి. నీకేమిటి నష్టం?"

షవర్ తిప్పినప్పుడు మాత్రమే కారే చోట, నీళ్లు పడడానికే కట్టిన గదిలో, చుక్క కారకూడదని అంత పంతం ఎందుకు పట్టాడో ఇన్నేళ్లలో ఆయన్ని ఎవరూ అడగలేదు. "తలుపు తియ్యి, మళ్లీ బిగిస్తాను" అన్నాడు బింకంగా.

"నువ్వు బిగించినదేదీ కారలేదు గ్రోజ్దాన్. నిజమే, ఒప్పుకుంటాను" అంది లోపలి గొంతు, సబ్బు నురగలోంచి. "ఒక్కటి కూడా పనికి రాలేదు. ఇప్పుడు కాసేపు నోరు మూసుకుని కూర్చో, తలంటుకుంటున్నాను."

గ్రోజ్దాన్ వసారాలో స్టూలు మీద కూర్చున్నాడు. వెస్కాను కూర్చోబెట్టి నీళ్లు పోసిన స్టూలే అది. లోపల ఆవిడ కూనిరాగం తీస్తోంది. ఆవిడకు పాట వచ్చునన్న సంగతే ఆయన మరిచిపోయాడు.

చాలాసేపటికి, తలకు తువ్వాలు చుట్టుకుని వెస్కా బయటికొచ్చింది. పానా ఆవిడ చేతిలోనే ఉంది. గ్రోజ్దాన్ చెయ్యి చాచాడు. ఆవిడ ఇవ్వలేదు. తిన్నగా వంటింట్లోకి నడిచి, బల్ల సొరుగులోంచి స్క్రూడ్రైవరు కూడా తీసుకుని కిటికీ ముందు నిలబడింది.

"అది తెరుచుకోదు" అన్నాడు మేస్త్రీ.

మరలు ఒక్కొక్కటే ఊడొచ్చాయి. కిటికీ తెరుచుకుంది. స్పాస్కా బాల్కనీ నుంచి కాలిన మిరపకాయల వాసన లోపలికొచ్చింది. వెస్కా తడి జుట్టును గాలికి ఆరబెట్టుకుంటూ, కిందికి వంగి స్పాస్కాను పలకరించింది.