పెద్దమ్మ తొలి చూపు

మాట్లాడటం నేర్చుకోబోయి ఒక ఊరి దేవతకు, ఆ ఊరి పెద్దలకు, నంద్యాలలోని నా అంగడికి ఒకేసారి ముప్పు తెచ్చిన కథ ఇది. మీరు నవ్వుతారని తెలుసు, నవ్వండి. అప్పట్లో నవ్విన వాళ్లందరూ నాకు ఇంకా గుర్తున్నారు. ఆ వరుసలో మీరూ చేరతారు, అంతే.

శిల్పులకు కావలసిన ఉలులు, సుత్తులు, రాయి కోసే బ్లేళ్లు అమ్మే అంగడి నాది. సరుకులో సగం ఆళ్లగడ్డ శిల్పి నాగలింగాచారి ఒక్కడే కొనేవాడు. అలాంటి మనిషి రావడం మానేశాడు. కారణం చెబుతాను, న్యాయం మీరే చెప్పండి. ఆయన కూతురి పెళ్లిలో ఓళిగల తట్ట, అదే బొబ్బట్ల తట్ట, నా విస్తరి దాటిపోయి పక్కవాడి దగ్గర ఆగింది. నేను అక్కడ పల్లెత్తు మాట అనలేదు. ఆ తర్వాత ఆయన బ్లేడు కోసం వచ్చినప్పుడల్లా మాత్రం అన్నాను. రెండేళ్లు అన్నాను. చివరికి ఆయన బ్లేళ్లు కర్నూలులో కొనడం మొదలుపెట్టాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదే, ఊరే మంచిది కాదని నా నమ్మకం. మా ఇంటావిడ రమణమ్మ నమ్మకం వేరు.

"ఆ ఓళిగ మాట ఇడుస్తావా, అంగడి మూస్తావా?" అని అడిగింది.

ఆ వారమే నంద్యాలలో ఒక లాడ్జి హాలులో వ్యాపారులకు మాటతీరు నేర్పుతామంటే వెళ్లాను. హైదరాబాదు నుంచి టై కట్టుకుని ఒక సారు వచ్చాడు. టీ నా వరుస దాకా వచ్చేసరికి అయిపోయింది. అదీ గుర్తుంది. ఆ సారు చెప్పిందంతా ఒక్కటే: ఫోన్లు వద్దు, మనిషి దగ్గరికి వెళ్లండి, ఎదురుగా నిలబడండి, కళ్లలోకి చూడండి. అవతలివాడు చూపు తిప్పుకున్నా వెనక్కి తగ్గకండి, ఇంకాస్త ముందుకు వంగండి. బంధం కళ్లలోనే పుడుతుందట.

మర్నాడు పొద్దున్నే ఆళ్లగడ్డ బస్సెక్కాను.

ఆచారి షెడ్డు ముందు జనం ఉన్నారు. వెలుగోడు దగ్గరి ఒక పల్లె నుంచి, తాము చేయించుకున్న ఊరి దేవత పెద్దమ్మ విగ్రహాన్ని తీసుకుపోవడానికి వచ్చారట. విగ్రహం చెక్కపీట మీద నిలబడి ఉంది. ఆచారి దాని భుజం పక్కన వంగి సన్న ఉలితో కళ్లు దిద్దుతున్నాడు. జనమంతా రెండు పక్కలా ఒదిగి నిలబడ్డారు. విగ్రహం ముందు మాత్రం పెళ్లిలో అల్లుడికి వదిలినంత జాగా ఖాళీగా ఉంది. నన్ను చూసి మర్యాదగా దారి ఇచ్చారనుకున్నాను.

విగ్రహానికి కళ్లు తెరిచేటప్పుడు ఎదురుగా మనిషి ఉండకూడదు, ఆ తొలి చూపు అద్దం మీదే పడాలి. ఈ సీమలో పుట్టినవాడికి ఆ మాత్రం తెలియదా అంటారేమో. తెలుసు. కానీ ఆ పూట నా బుర్రలో టై సారు కాపురం పెట్టి ఉన్నాడు.

నేరుగా వెళ్లి అమ్మవారి ఎదుట నిలబడ్డాను. ఆచారి కళ్లు దొరకలేదు.

"పక్కకు జరుగప్పా" అన్నాడు ఆయన, తల తిప్పకుండానే.

చూపు తిప్పుకుంటున్నాడు కదా, వెనక్కి తగ్గకూడదు. దేవత చెంప పక్కగా ఇంకాస్త వంగాను. సరిగ్గా అప్పుడే ఆచారి చివరి దెబ్బ వేసి వెనక్కి జరిగాడు. ఊరి పెద్ద ఓబుల్‌రెడ్డి రెండు చేతులా అద్దం ఎత్తాడు. అద్దానికీ అమ్మవారికీ మధ్య నేనున్నాను. పక్క షెడ్డులో రాయి కోస్తున్న మిషన్ కూడా ఆగిపోయింది.

"ఎవురప్పా నువ్వు?" అన్నాడు ఓబుల్‌రెడ్డి.

నేర్చుకున్నది ఊరికే పోతుందా? చిరునవ్వుతో చెయ్యి చాచి, "మిమ్మల్ని కలవడం చాలా సంతోషం" అన్నాను.

"ఏం సంతోసం. మా అమ్మ తొలి చూపు నీ మొగాన పడె." ఆయన అద్దం దించి ఆచారి వైపు తిరిగాడు. "ఈ ఇగ్రహం మాకొద్దు సామీ. యేరేది చేయి."

నెలల తరబడి ఆచారి పడిన కష్టం అది. బంధం కలుపుకోడానికి వచ్చి మనిషి కొంప కూల్చాను. అప్పుడు ఆచారి తీరిగ్గా నా కళ్లలోకి చూశాడు. నేను బస్సెక్కి వచ్చింది ఆ చూపు కోసమే. తీరా దొరికాక నిలబడలేక నా చెప్పుల వైపు చూసుకున్నాను.

"ఓబుల్‌రెడ్డన్నా," అన్నాడు ఆచారి, "అద్దం ఎందుకు పెడ్తాం? ఆ చూపు తాకిడి ఓర్చుకుంటాదని. ఈయప్ప యాడన్నా పగిలినాడేమో చూడు. ఇస్తట్లో ఒక ఓళిగ పళ్లేదని రెండేండ్లు నా పానం తీసినోడు. అద్దం కంటే మొండోడు. ఈ మొగం చూసి గూడా కండ్లు మూసుకోలేదంటే, మీ అమ్మ మహా గట్టిదన్నా."

ముందు ఒక ముసలమ్మ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. ఓబుల్‌రెడ్డి ఆఖరున నవ్వాడు, కానీ ఎక్కువసేపు నవ్వాడు. విగ్రహం కళ్లకు గుడ్డ కట్టి, కొబ్బరికాయ కొట్టి, ఈసారి అద్దం పెట్టి గుడ్డ విప్పారు. నన్ను వీధి చివరిదాకా పంపించాకే విప్పారని వేరే చెప్పాలా?

"అమ్మ చూసినోడివి. జాతరకు రావల్ల" అని ఓబుల్‌రెడ్డి ఆజ్ఞాపించాడు.

వెళ్లాను. ఆ ఊళ్లో నన్ను మొదటి విస్తరి ముందు కూర్చోబెట్టారు. జాతరకు వచ్చిన ఆచారి స్వయంగా తట్ట తెచ్చి రెండు ఓళిగలు వేశాడు.

"ఇంగ ఆ మాట ఎత్తవు కదా అప్పా?"

తల వంచుకునే ఊపాను. ఆ వారం నుంచి ఆయన బ్లేళ్లు మళ్లీ నా అంగడిలోనే కొంటున్నాడు. నేను చెప్పుల వైపు చూస్తూ మాట్లాడుతుంటే, ఎంత అణకువ వచ్చిందని తక్కినవాళ్లూ వస్తున్నారు. రమణమ్మ కూడా ఏమీ అనడం లేదు.

అందుకే పెద్దమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఉలి పట్టుకున్న మనిషి కళ్లలోకి, ఆయన పక్కన ఎవరున్నారో చూసుకోకుండా, ఈ జన్మలో చూడను.

అన్నట్టు, జాతరలో పక్కవాడి ఓళిగ మీద రెండు గరిటెల నెయ్యి పడింది, నా దాని మీద ఒక్కటే. ఆచారితో ఆ మాట ఇంతవరకూ అనలేదు. మాటతీరు నేర్చుకోవడమంటే అదే కదా.