రామచంద్రం సార్ చలిగట్టు

మా వాతావరణ కార్యాలయం గదిలో ఉన్నవి ఇవి: ఒక రిసీవరు, తిరిగే డ్రమ్ము, ఫొటోలు కడిగే హైపో ద్రావణం పోసిన రెండు ట్రేలు, గోడకు దేశపటం. ఉన్నవాళ్లం ముగ్గురం: మా అధికారి, డార్క్‌రూమ్ సహాయకుడు, నేను. ఈ ఉదయం ట్రేలోంచి తడి ఫొటో పైకి తీయగానే ఆ పుల్లటి ఘాటు ముక్కుకు తగిలింది. ఈ వాసన నాకు ఉద్యోగంలో పరిచయమైంది కాదు. హనుమకొండలో రామచంద్రం సార్ ఇంటి స్నానాలగదిలో పరిచయమైంది.

సార్ మాకు కాలేజీలో రేడియో పాఠాలు చెప్పేవారు. తొర్రూరు దగ్గర మిరప పండించే కుటుంబం వారిది. ఉపగ్రహాలు పైనుంచి మబ్బుల ఫొటోలు తీసి అప్పటికప్పుడే రేడియోలో కిందికి పంపడం ఆ రోజుల్లోనే మొదలైంది. సరైన ఏంటెన్నా ఉంటే ఎవరైనా అందుకోవచ్చని సార్ ఎక్కడో చదివారు. ఆ ‘ఎవరైనా’ అన్న మాట ఆయన్ని నిద్రపోనివ్వలేదు. డాబా మీద సైకిలు చక్రం ఇరుసుకు బిగించిన ఏంటెన్నా లేచింది. పత్రికాఫీసు పాత సామానులోంచి ఫొటో డ్రమ్ము వచ్చింది. నేను ఏంటెన్నా తిప్పితే ఆయన ఉపగ్రహం కూతను టేపు మీదికి ఎక్కించేవారు. తరువాత తలుపులు మూసి, టేపులోని కూత సన్నటి వెలుగుగా మారి పడుతుండగా ఫొటో కాగితం చుట్టిన డ్రమ్మును తిప్పితే, గీత పక్కన గీతగా ఆకాశం కాగితం మీదికి దిగేది. కడగడం స్నానాలగదిలో.

“మీ మొగులు కడుగుడైతే మేం మొఖాలు కడుక్కుంటం,” అనేవారు బయటినుంచి సార్ భార్య. మొగులంటే మా వైపు మబ్బు.

“మొగులు ముందు, మొఖం ఎనుక,” అనేవారు సార్. మా నాన్నకు బజార్లో దుకాణం ఉంది కనుక నన్ను సేటూ అని పిలిచేవారు. “ఏం సేటూ, తూకం సరిపోయిందా?” అంటే గీతలన్నీ పడ్డాయా అని.

చలికాలంలో ఉత్తరం నుంచి దిగే చల్లగాలి వెచ్చటి గాలిని తోసుకుంటూ వస్తుంది. ఆ రెండూ కలిసే అంచు వెంట పొడవాటి మబ్బు కడుతుంది. పుస్తకాలలో దాని పేరు కోల్డ్ ఫ్రంట్. సార్ ‘చలిగట్టు’ అనేవారు, పొలంగట్టులాగా. నిన్నటి గట్టును, ఇవాళ్టి గట్టును ఒకే పటం మీద పెన్సిలుతో గీసి, ఎంత జరిగిందో కొలిచేవాళ్లం.

ఆ ఏడు మాఘమాసంలో సార్ తమ్ముడు వీరన్న బస్సు దిగి నేరుగా డాబా మీదికి వచ్చాడు. కండువా కొనలో గుప్పెడు మిరపకాయలు. పంటంతా కల్లంలో ఆరబోసి ఉంది.

“ఇంక జర పచ్చిగున్నయన్నా. ఇప్పుడు ఎత్తితే బూజు పడ్తది, ఉంచితే వాన భయం. నీ మొగులు ఏమంటాంది?”

ఆ ఉదయం కరెంటు లేక రోజూ పట్టే ఉపగ్రహాన్ని పట్టలేకపోయాం. మధ్యాహ్నం ఇంకొకటి వస్తే దాని ఫొటో తీశాం. చలిగట్టు కాగితం పైభాగంలో, ముందురోజుకన్నా ఎంతో ఎత్తున కనిపించింది.

“ఎనుకకు పోయింది తమ్మీ. రంది పెట్టుకోకు, ఆరనియ్యి.”

వీరన్న నవ్వి, ఆ కాయలను వదిన చేతిలో పోసి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

మరునాడు వాన పడింది. నేను తడుస్తూ పరుగెత్తి వెళ్లేసరికి సార్ ఫొటో ముందు కూర్చుని ఉన్నారు. దాన్ని బల్ల మీద మెల్లగా తిప్పి, పైభాగాన్ని కిందికి తెచ్చారు. చలిగట్టు మా నెత్తి దగ్గరికి వచ్చి ఆగింది. రోజూ వచ్చేది ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే ఉపగ్రహం, కాబట్టి కాగితం పైన పడే మొదటి గీత ఉత్తరం. మధ్యాహ్నం వచ్చింది దక్షిణం నుంచి ఉత్తరానికి పోయేది. దాని మొదటి గీత దక్షిణం. తీరమంతా మబ్బు కింద ఉండి ఆనవాలు చిక్కలేదు. అలవాటు కొద్దీ తలకిందులుగా చదివారు.

వాన వెలిశాక ఇద్దరం తొర్రూరు బస్సెక్కాం. కల్లంలో కాయలు ఉబ్బి, తొడిమల దగ్గర నల్లబడుతున్నాయి. వీరన్న భార్య వాటిని చేటతో ఎత్తి చాపల మీద పోస్తోంది. సార్ చెప్పులు విడిచి కల్లంలోకి దిగారు.

“తప్పు మొగులుది కాదు తమ్మీ, మిషనుది కాదు. నేనే ఫొటో తలకిందులు చూసిన.”

వీరన్న తలెత్తలేదు. “నేను నిన్నడిగిన అన్నా. నీ ఫొటోను అడగలే.”

ఆ తరువాత ఆ అన్నదమ్ముల మధ్య మాట లేదు.

అప్పటినుంచి సార్ ఏ ఫొటో అయినా డ్రమ్ము మీంచి దిగగానే, దాని ముఖం చూడకముందే, వెనకవైపు ఉత్తరపు మూలన ‘ఉ’ అని రాసేవారు. మరుసటి చలికాలం చలిగట్టు మా వైపు కదిలినప్పుడల్లా బస్టాండుకు నడిచి తొర్రూరు బస్సు కండక్టరుతో కబురు పంపేవారు: “మా వీరన్నకు చెప్పు, ఎల్లుండిదాంక కాయ ఎత్తిపెట్టుకొమ్మను.” సాయంత్రం అదే బస్సు కోసం మళ్లీ వెళ్లి నిలబడేవారు.

“చెప్పిన సార్. ఇన్నడు.”

“ఏమన్నడు?”

“ఏమన్లే.”

“ఇన్నడు గద, చాలు,” అనేవారు నాతో.

కల్లాలు ఇంకా లేవకముందే ఒక ఉదయం డాబా మెట్ల మీద సార్ కూలబడిపోయారు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

పదోనాడు వీరన్న డాబా ఎక్కి, ఏంటెన్నా కడ్డీని పట్టుకుని నిలబడ్డాడు. నేను పక్కన ఉన్నానని తెలిసే మాట్లాడాడో, తనలో తాను అనుకున్నాడో తెలియదు.

“కండక్టరు చెప్పినప్పుడల్లా ఎత్తిన. ఒక్క కాయ తడవలే.”

“ఆ మాట సార్‌కు చెప్పి పంపకపోయినవా కాకా?” అన్నాను.

“కోపం జర చూపెట్టాలె గద బిడ్డా. కల్లమైనంక నేనే వద్దామనుకున్న. కొత్త కాయ ఓ బస్త పట్టుకొని.” కండువాతో మొహం కప్పుకున్నాడు.

ఇప్పుడు నా ఉద్యోగం కూడా మబ్బుల ఫొటోలు చదవడమే. సార్ నేర్పినట్టు ముందు ఉత్తరం గుర్తు పెడతాను. ఆయన నేర్పనిది ఇంకొకటి చేస్తాను: ఎవరు ఏ కబురు పంపినా, ఎంత కోపంలో ఉన్నా, అందిందని ఆ రోజే తిరుగు కబురు చేస్తాను. ఆ చలికాలమంతా బస్టాండుకు సార్ వెంట నేనూ నడిచాను కనుక లెక్క నాకు తెలుసు. పంపిన కబుర్లు పద్నాలుగు. వచ్చిన జవాబులు సున్న.