ముడుపులో వెండిపుంజు

ఆ వయసులో ఏదో ఒక పిచ్చి పట్టని మనిషి ఉంటాడని నేననుకోను. తొంభైల చివర్లో మా ఉద్దానం కుర్రాళ్ళలో కొందరికి క్రికెట్ పిచ్చి, కొందరికి సినిమా పిచ్చి, కాస్త నోరున్నవాళ్ళకి రాజకీయాల పిచ్చి ఉండేవి. నాకు మాత్రం దొరలు మందు తాగడానికి వాడిన వెండి సామాను పోగుచేసే పిచ్చి పట్టింది. అప్పటికి నేను మందు రుచి ఎరగను (ఇప్పటికీ ఎరగను, ఈ మాట మా ఆవిడ ఒక్కతే నమ్మింది, ఆవిడ కూడా పెళ్ళయిన చాన్నాళ్ళకి గాని నమ్మలేదు). పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర గుమస్తాగా పనిచేస్తూ రోజూ మా ఊరి నుంచి బస్సులో వెళ్ళొచ్చే నాకు ఈ జబ్బు ఎలా అంటుకుందంటే, టెక్కలిలో ఒక పాత బంగళా సామాను అమ్ముతున్నారని తెలిసి, బీరువాలు చూసి రమ్మని మా యజమాని నన్ను పంపాడు. బీరువాల్ని అప్పటికే చెదలు తినేశాయి. ఒకదాని అడుగున మాత్రం ముఖమల్ పరిచిన చిన్న పెట్టె దొరికింది. లోపల ఆరు గాడులు, వాటిలో అయిదు వెండి పుల్లలు. ఒక్కోటి వేలెడు పొడవు, కొసన గోరంత పుంజు, మెడ సాచి కూత పెట్టబోతున్నట్టు. ఆడవాళ్ళ తలపిన్నులేమో అనుకున్నాను. "కాదు బాబూ, ఉప్పు కొఠార్ల దొరలు మందులో పండుముక్క ఏసుకుని, దీంతో గుచ్చుకుని తినీవోలు" అని అక్కడి కాపలాదారు చెప్పాడు. వాటిని కాక్‌టెయిల్ పుల్లలంటారని తర్వాత తెలిసింది. పెట్టె కొనుక్కున్నాను గాని, ఆ ఖాళీ గాడి చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత కాశీబుగ్గలో వెండి కరిగించే కొట్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. దొరల వెండిలో కాస్త రాగి కలుస్తుందని మనవాళ్ళకి అదంటే చిన్నచూపు. "దీన్ని కరిగించి గజ్జెలు సెయ్యడానికి తప్ప ఎందుకూ పనికిరాదు" అనేవాడు కంసాలి. నేను ఆ మూస దగ్గర కూర్చుని, మందు కలిపే మూతగిన్నె, మందు కొలిచే బుల్లి గిన్నె, మంచుముక్కల పట్టకారు, ఒక్కొక్కటే నిప్పు నోట్లోంచి లాక్కొచ్చాను. వాటిని మా ముందుగదిలో అద్దాల బీరువాలో పెట్టాను. మా అమ్మకి వాటి చరిత్రతో పనిలేదు. మూతగిన్నెలో మజ్జిగ పోసి గిలకొట్టి, "ఇది మంచి సామానేరా, ఒక్క సుక్క ఒలకట్లేదు" అని మెచ్చుకుంది. మా మావ (అమ్మ తమ్ముడు; ఊళ్ళో ఎవరి గుట్టు రట్టయినా ఆయన నోటి నుంచే) మాత్రం బీరువా ముందు నిలబడి తల పంకించాడు. "తాగినోడికి గ్లాసు ఉండదు. నీకు గ్లాసులున్నాయి, తాగుడు లేదు. నీది ఏం బతుకురా?" అన్నాడు. ఆ బీరువా పుణ్యాన రెండు పెళ్ళిసంబంధాలు మంచినీళ్ళు కూడా ముట్టకుండా లేచి వెళ్ళిపోయాయి.

ఒక ఆదివారం పొద్దున్న అరుగు మీద కూర్చుని విభూతితో ఆ అయిదు పుల్లల్నీ తోముకుంటున్నాను. వజ్రపుకొత్తూరు దాటి ఉండే జాలరివాడ నుంచి మా ఊరికి చేపలు తెచ్చే అప్ప గంప దించి, అలాగే నిలబడిపోయింది. ఊరంతా ఆవిణ్ణి అప్పా అనే పిలిచేది (మా వైపు అక్కని అలాగే అంటాం). బేరంలో ఎంత గట్టిదో మాటలో అంత మెత్తనిది.

"ఓలమ్మ! ఈ పుంజులు నీకాడికెలగొచ్చినాయి బాబూ? ఈటికి తోడబుట్టింది మా ఇంట్లో ఉన్నాది."

విభూతి నా చేతిలోంచి జారిపోయింది. అప్ప అత్తగారు ఆ రోజుల్లో దొరల బంగళాకి చేపలు మోసేదట. దొరసాని వెళ్ళిపోతూ ముద్దుగా ఒక పుల్ల ఆమె చేతిలో పెట్టిందట. "అప్పా, అది నాకిచ్చేయవూ? నీకేం కావాలంటే అదిస్తాను" అన్నాను.

అప్ప మొహం చిన్నబోయింది. "అదిప్పుడు నాది కాదు బాబూ. అమ్మోరిది. ముడుపులో ఉన్నాది."

ఆవిడ కొడుకు విశాఖ రేవు నుంచి చేపల వేటకెళ్ళిన పడవలో కూలికి వెళ్ళాడు. మిగతా పడవలు తిరిగొచ్చాయి, అది రాలేదు. మునిగిందన్నవాళ్ళున్నారు, గాలికి కొట్టుకుపోయి పరాయిదేశం చేరిందన్నవాళ్ళున్నారు. కొడుకొస్తే గంగమ్మ తల్లికి పుంజునిస్తానని అప్ప మొక్కుకుంది. ఆ మాటకి పూచీగా ఇంట్లో ఉన్న వెండిపుంజుని పసుపుగుడ్డలో ముడుపు కట్టి, అమ్మవారి పటం దగ్గర వాసానికి వేలాడదీసింది. ఇదంతా చెప్పి, కళ్ళు తుడుచుకుని, కవళ్ళ చేపలు తూచి ఇచ్చి వెళ్ళిపోయింది. నాకు జాలి వేసింది. వెయ్యలేదంటే అబద్ధం. కానీ నా గుమస్తా బుర్ర అప్పటికే లెక్క కట్టేస్తోంది. వెండిపుంజు తాకట్టు, అసలు పుంజు బాకీ. బాకీ తీరిస్తే తాకట్టు విడిపోవాలి కదా! ఇంత చిన్న సంగతి ఆవిడకి ఎందుకు తట్టలేదా అని ఆశ్చర్యపోయాను.

మరుసటి వారం సంతలో వెతికి వెతికి ఒక కాకిపుంజుని కొన్నాను. నల్లగా నిగనిగలాడుతూ, ఊరి పెద్దలా నడిచేది. దాన్ని సంచిలో పెట్టుకుని, తల మాత్రం బయటికి ఉంచి, బస్సెక్కాను. కండక్టరు దాని వంక చూసి, "మీ ఇద్దరిలో ఎవులికి కొట్టాల టికెట్టు?" అన్నాడు. పక్కన కూర్చున్నాయన చెవిపోగు మీద అది ఒకసారి పొడిచి చూసింది. అక్కణ్ణుంచి నిలబడే ప్రయాణం చేశాను. బస్సు దిగి జీడితోటల్లోంచి ఇసకలో నడిచి వాడకి చేరేసరికి, గంగమ్మ గుడి ముందు వలలు బాగుచేసుకుంటూ జనం కూర్చుని ఉన్నారు, అప్ప కూడా ఉంది. నేను పుంజుని పైకెత్తి, ఏదో ఘనకార్యం చేసినవాడిలా, "అప్పా, ఇదిగో అమ్మవారికి పుంజు! ఇంక ముడుపు విప్పేయొచ్చు" అన్నాను.

వల మీద చేతులు ఆగిపోయాయి. చివరికి వాడ పెద్దాయన లేచి నా దగ్గరికొచ్చాడు.

"సదువుకున్నోడివి, నీకు తెలీదు బాబూ. కొడుకు రాకముందే ముడుపు విప్పితే ఏటర్థం? ఆడింక రాడని తల్లే ఒప్పీసుకున్నట్టు."

నేను అడిగింది ఏమిటో నాకప్పుడు తెలిసింది. పుంజుని సంచిలోకి కుక్కి వెనక్కి తిరగబోయాను. పెద్దాయన ఆపాడు. "అలగెల్లిపోతే కుదర్దు. అమ్మోరి గుడి ముంగిట అమ్మోరి పేరు సెప్పీసినావు. ఇది మొక్కుకోడి అయిపోనాది. అమ్మకూడదు, కొయ్యకూడదు, ఒకలికి ఇయ్యకూడదు. ఆ గుంటడు వచ్చినదాకా నువ్వే సాకాల."

నేను అప్ప వంక చూశాను. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ లేచి, గుళ్ళోంచి పసుపు తెచ్చి, పుంజు తలకి రాసి, "బాబు కూడా మొక్కీసినాడు. ఇంక ఇద్దరం కలిసి ఎదురుసూద్దాం" అంది. ఆ మాటలో వెటకారం ఏ కోశానా లేదు. అందుకే అది నాకు అంతలా తగిలింది.

తిరుగు బస్సులో అదే కండక్టరు. ఏమీ అడగలేదు, నవ్వు మాత్రం ఆపుకోలేదు. ఇంటికెళ్తే అమ్మ గుమ్మంలోనే నిలదీసింది. "ఎండికోడి కోసం ఎల్లి నల్లకోడితో వచ్చినావేటిరా?" ఇక మా మావకి పండగే. "సామానుంది, నంజుకోడానికి కోడి కూడా వొచ్చీసింది. సీసా ఒక్కటే తరువాయి" అని రచ్చబండ మీద ప్రకటించాడు. మూడో సంబంధం కూడా అలాగే పోయింది. పుంజు మాత్రం దర్జాగా బతికింది. పలాస నుంచి నేను తెచ్చే జీడిపప్పు నూక తప్ప ఇంకేదీ ముట్టేది కాదు. కొబ్బరికాయల పోగెక్కి తెల్లవారకముందే కూసేది, నన్ను చూస్తే మెడ ఈకలు విప్పి మీదికొచ్చేది. అప్ప చేపలమ్ముకుంటూ వచ్చినప్పుడల్లా, "మన పుంజు మేత తిన్నాదా?" అని అడిగేది. తిన్నదంటే ఆ పూట ఆవిడ మొహంలో కాస్త వెలుగు. నేనెప్పుడు మొదలుపెట్టానో తెలియదు గాని, పొద్దున్నే పేపర్లో పడవల వార్తలు వెతకడం నాకూ అలవాటైపోయింది. అద్దాల బీరువా మీద దుమ్ము పేరుకుపోయింది.

వర్షాకాలంలో కోళ్ళకి కొక్కెర తెగులు వచ్చింది. ఊళ్ళో కోళ్ళన్నీ వరసగా తలలు వాల్చేశాయి. ఒక రోజు మా పుంజు కూడా కొబ్బరిపోగు ఎక్కలేదు. సరిగ్గా అప్పుడే వచ్చిన అప్ప దాన్ని చూసి, గంప నెత్తి మీద ఉండగానే గుమ్మంలో కూలబడిపోయింది. "ఇదేటి బాబూ" అంది. ఆవిడ దేనికి భయపడుతోందో నాకు తెలుసు. ఎందుకంటే నాకూ అదే భయం. యజమానికి జ్వరమని కబురు పంపి, పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తి మందు తెచ్చి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ మందు కొలిచి పోయడానికి దొరల బుల్లి గిన్నె ఎంత బాగా పనికొచ్చిందో చెప్పలేను (మా ఇంట్లో దాంతో మందు తాగిన ప్రాణి అదొక్కటే). అప్ప ఆ రోజు చేపలు అమ్మలేదు. పుంజు నీళ్ళు మింగి, మెడ నిలబెట్టి, నా చెయ్యి పొడిచినప్పుడు ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వాము.

ఆ మరుసటి ఎండాకాలం వాడ పక్కనున్న ఎస్టీడీ బూత్‌కి ఫోనొచ్చింది. పడవ ఇంజను చెడి, బంగ్లాదేశ్ నీళ్ళలోకి కొట్టుకుపోయిందట. పడవలోవాళ్ళు ఇన్నాళ్ళూ అక్కడి జైల్లో ఉన్నారట, వదిలేశారట. అప్ప కొడుకు వచ్చిన రోజున నేను కూడా అక్కడే ఉన్నాను, చంకలో పుంజుతో. మనిషి సగమైపోయాడు, గడ్డం గుండెల దాకా ఉంది. అప్ప అతని మొహం తడిమి తడిమి చూసుకుని, నా చెయ్యి పట్టుకుని గుడికి లాక్కెళ్ళింది. వాడంతా మూగింది. ఆవిడ ఇంట్లోంచి తెచ్చిన ముడుపు విప్పి, వెండిపుంజుని నా అరచేతిలో పెట్టింది. "ఇంద బాబూ. నా మాట నేను సెల్లించుకుంటన్నాను. నీది నువ్వు తీసుకో."

ఎంతకాలంగానో కలలు కన్న వస్తువు చల్లగా చేతిలో ఉంది. అవతల కత్తి పదును పెడుతున్నారు. ఎవరో తీసుకుని కాళ్ళు కట్టేసిన నా పుంజు ఒక కన్నుతో నన్నే చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందూ. "అప్పా, ఈ వెండిదే అమ్మవారికిచ్చెయ్. దీన్ని వదిలెయ్" అన్నాను.

"అమ్మోరు ఎండికోడి తింటాదేటి?" పెద్దాయన విసుక్కున్నాడు. అప్ప కొడుకు ముందుకొచ్చి పుంజు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"వదిలీమ్మా. కట్టీసి ఉంచితే ఎలగుంటాదో నాకు తెల్సు. నా పేరు సెప్పి దేన్నీ కట్టొద్దు, కొయ్యొద్దు."

పెద్దాయన కత్తి పక్కన పెట్టించాడు. అప్ప చేపల కత్తితో తాడు కోసింది. పుంజు లేచి, ఈకలు దులుపుకుని, అమ్మవారి ముందు పోసిన బియ్యం తినడం మొదలుపెట్టింది. వెండిపుంజుని నేనే తీసుకెళ్ళి గంగమ్మ పాదాల దగ్గర గుచ్చాను.

ఇప్పటికీ ఏటా ఒకసారి ఆ వాడకి వెళ్తాను. అప్ప కొడుకు తన పిల్లల్ని పిలిచి, "ఈయన మనింటికి మావ. నేను రావాలని, మీ మామ్మతోపాటు ఎదురుసూసినాడు" అని చెబుతాడు. లేదురా, నేను మొదట వచ్చింది ఒక వెండిపుల్ల కోసం అని ప్రతిసారీ చెప్పబోతాను. ముసలి అప్ప కంచంలో ఇంకో చేపముక్క వేస్తూ నా వంక చూస్తుంది.

"తెలుసునులే బాబూ," అంటుంది నవ్వుతూ. "అయినా ఎదురుసూసినావు కదా. తిను, సల్లారిపోతాది."

నేను తలొంచుకుని తింటాను.