గాలి మీద మోపిన నేరం

ఏలూరు మీదుగా హెలికాప్టర్ పోతే ఇప్పుడు మంత్రిగారొస్తున్నారని ఎవరూ అనుకోరు. ఎవరిదో పెళ్లి అనుకుంటారు. చేపల చెరువులున్న పెద్ద రైతులు కూతురి పెళ్లికి బ్యాండు మేళం మాట్లాడినట్టే హెలికాప్టర్‌ని కూడా మాట్లాడుతున్నారు, పందిరి మీద పూలు చల్లించడానికి. చప్పుడు వినబడితే చాలు, మా వీధిలో సగం మంది మేడలెక్కుతారు. మా వదిన మాత్రం లేచి వెళ్లి అన్నయ్య పడుకునే గది కిటికీ మూసేస్తుంది.

మాది షామియానాల షాపు. నాన్న పెట్టిందే. ఆయన పోయాక అన్నయ్యా నేనూ నడిపాం. గుడ్డలు, గుంజలు, తాళ్లు అన్నయ్య వంతు. లైట్లు, అలంకరణ నా వంతు. మేం ముస్లింలమైనా కొల్లేరు పల్లెల్లో హిందువుల పెళ్లిళ్లకి మేమే వెళ్లేవాళ్లం. ముహూర్తం పెట్టుకున్న మర్నాడే ఫోన్ వచ్చేది. మీ అన్నదమ్ములొస్తేనే మాకు పెళ్లికళ అనేవారు. ఆ మాటకి అన్నయ్య పొంగిపోయేవాడు. నేను పొంగేవాణ్ని కాదు. ఎవరైనా మరీ పొగిడితే వెనకాల ఏదో చాకిరీ ఉందని నాకు అనుమానం.

కొల్లేరు చుట్టుపక్కల నేల మా పనికి పగ. చెరువు గట్ల పక్క నల్లమట్టి ఎండితే బీటలు తీస్తుంది, తడిస్తే పాయసంలా జారుతుంది. అందులో మేకు ఎంత లోతుకి కొట్టినా నమ్మకం లేదు. అందుకని నాన్న కాలం నుంచీ మాకో పద్ధతి ఉంది. గాలి లేచిందంటే పనివాళ్లు తలో తాడూ నడుముకి చుట్టుకుని, గుంజ మొదట్లో కాళ్లు తన్నిపెట్టి కూర్చుంటారు. మేకు ఊడితే మనిషే మేకు అనేవాడు నాన్న. ఎన్ని గాలివానల్లో పెళ్లిళ్లు నిలబెట్టామో ఆ పద్ధతి మీద. పక్కనుంచి కొట్టే గాలికి అది చాలు. పైనుంచి కొట్టే గాలి ఎలా ఉంటుందో నాన్న చూడలేదు, ఒక చెరువుల రైతు కూతురి పెళ్లిదాకా మేమూ చూడలేదు.

ఆ పెళ్లి చేసిన ఆసామి మంచి మనిషి. ముందు ఆ మాట చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. పొద్దున్నే ఎస్సైగారు వచ్చి ఆయనతో మాట్లాడారు. హెలికాప్టర్‌కి పర్మిషన్ ఊరి బయట మైదానంలో దిగడానికే ఇచ్చారనీ, జనం మీదికి అంత కిందికి తేవడం రూల్సు ఒప్పుకోవనీ చెప్పారు. ఆసామి అలాగేనండీ అన్నారు. ఎస్సైగారు టిఫిన్ చేసి మొదటి వరసలో కూర్చున్నారు. చుట్టుపక్కల ఊళ్ల జనం ట్రాక్టర్లెక్కి వచ్చారు. పెళ్లికి పిలవనివాళ్లు కూడా చెరువు గట్ల మీద బారులు తీరారు.

మొదటిసారి హెలికాప్టర్ బాగా ఎత్తులోనే వచ్చి పూలు వదిలింది. కొల్లేరు గాలికి ఒక్క రేకైనా పందిట్లో పడలేదు. అన్నీ కొట్టుకుపోయి పక్క చెరువులో పడ్డాయి. పెళ్లికొడుకు తండ్రి నవ్వుతూ, చేపలకి పెళ్లి చేస్తున్నారా బావగారూ అన్నాడు. సరదాకే అన్నాడు. కానీ వియ్యంకుడి నోట సరదా మాట ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడ గుచ్చుకుంటుంది. ఆసామి ఫోన్ తీసి, హెలికాప్టర్ మాట్లాడిపెట్టిన ఏజెంటుతో ఇంకాస్త కిందికి రమ్మనండి అన్నారు. లైట్ల బోర్డు దగ్గర నిలబడి నేను విన్నాను. ఎస్సైగారు కూడా విన్నారు. విని, అందరిలాగే ఆయనా తలెత్తి పైకి చూశారు.

రెండోసారి అది కొబ్బరిచెట్ల తలలు వంగిపోయేంత కిందికి వచ్చింది. పెళ్లి పందిరి ఇనప ఫ్రేము మీద వేసింది కాబట్టి ఊగి ఆగింది. వెనకాల చెరువు గట్టు దగ్గర వంటలకి వేసింది మాత్రం మా పాత షామియానా. గాలి తాకగానే అన్నయ్య అలవాటు కొద్దీ తాళ్లు పట్టండ్రా అని కేకేసి, తనూ ఒక తాడు నడుముకి చుట్టుకుని కూర్చున్నాడు. ముందు గుడ్డంతా కిందికి అణిగింది. తర్వాత గాలి అంచుల కిందనుంచి లోపలికి దూరి, దాన్ని ఒక్కసారిగా పైకెత్తింది. మేకులు ఊడిపోయాయి. మిగతావాళ్ల తాళ్లు జారిపోయాయి. అన్నయ్య ముడి గట్టిది, జారలేదు. మనిషి పైకి లేచి, చెరువు తూము సిమెంటు మీద వెల్లకిలా పడ్డాడు. ఈసారి పూలు సరిగ్గా పందిట్లోనే పడ్డాయి. జనం చప్పట్లు కొట్టారు. వాళ్లనేం అనను. అందరి ఫోన్లూ ఆకాశం వైపే ఉన్నాయి.

అన్నయ్యని ఆసామే తన కార్లో విజయవాడ తీసుకెళ్లారు. కూతురి అప్పగింతలు ఆడవాళ్లకి వదిలేసి ఆసుపత్రి వరండాలో మాతోపాటు కూర్చున్నారు. వెన్నెముక సంగతి డాక్టరు చెప్పినప్పుడు మా వదిన కంటే ముందు ఆయనే ఏడ్చారు. అన్నయ్యకి నడుము కింద ఇక ఏమీ తెలియదు.

అన్నయ్య ఇంటికొచ్చాక ఎస్సైగారు వాంగ్మూలం తీసుకుంటామని కబురు పెట్టారు. నేను అన్నయ్యకి మరీ మరీ చెప్పాను. ఎవరినీ తిట్టక్కర్లేదు, ఎవరినీ జైల్లో పెట్టించక్కర్లేదు, హెలికాప్టర్ షామియానా మీదికి దిగిందన్న ఒక్క మాట చెప్పు చాలు. ఆ మాట అధికారుల చెవిన పడితే ఇంకో పందిరి మీదికి దాన్ని రానివ్వరు, ఇంకొకడు నీలా మంచమెక్కడు అన్నాను. ఊఁ అన్నాడు.

ఎస్సైగారితోపాటు ఆసామి కూడా వచ్చారు. గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎలా జరిగిందని ఎస్సైగారు అడిగితే అన్నయ్య ఆసామి వంక ఒకసారి చూశాడు.

"గాలేనండీ" అన్నాడు. "కొల్లేరు గాలి సంగతి మీకు తెలియందేముందండీ. ఎవరి తప్పూ లేదండీ."

మా గోదావరి మర్యాద మీద నాకు ఆ రోజు పుట్టిన కోపం ఇంకా చల్లారలేదు. పీక మీద కాలేసి తొక్కుతున్నా, కాస్త కాలు తీస్తారా అండీ అని అడిగే జాతి మాది. వాళ్లు వెళ్లాక నోటికొచ్చినట్టు అరిచాను. అన్నయ్య గోడకేసి చూస్తూ, ఆ పిల్ల మొన్నమొన్ననే కాపురానికి వెళ్లింది, దాని పెళ్లి పేరు చెప్పుకుని కోర్టులో కేసు నడవాలా, ఆ తండ్రి నన్ను చేతుల మీద మోసుకెళ్లాడురా అన్నాడు. నేను ఇంకా గట్టిగా అరిచాను.

ఆ తర్వాతి పెళ్లిళ్ల రోజుల్లో అటుపక్కే ఇంకో పల్లె నుంచి ఫోన్ వచ్చింది. హెలికాప్టర్ ఉందన్నారు. నేను రానన్నాను. పని తాడేపల్లిగూడెం షాపు ఆయనకి వెళ్లింది. ఆయనా మా పద్ధతిలోనే కట్టిస్తాడని తెలుసు కాబట్టి, పెళ్లి ముందురోజు అన్నయ్య మంచం పక్కనుంచే ఫోన్ చేశాను. తాళ్లు నడుముకి కట్టుకోనివ్వద్దని చెప్పాను.

"అది గాలి వల్లనని మీ అన్నయ్యగారే చెప్పారు కదండీ" అన్నాడాయన. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

స్పీకర్లో ఆ మాట అన్నయ్య విన్నాడు. ఫోన్ ఇమ్మని చెయ్యి చాపాడు.

"గాలి కాదండీ, హెలికాప్టరే. ఆ రోజు అబద్ధం చెప్పాను. అది కిందికొస్తే మీవాళ్లని తాళ్లు వదిలేసి పారిపొమ్మనండి. షామియానా పోతే పోతుందండీ."

అలాగేనండీ అన్నాడాయన. అలాగేనండీల్లో ఏది నిజమైనదో, ఏది ఫోన్ పెట్టేయడానికి అన్నదో ఈ జిల్లాల్లో పుట్టిన ఎవరికైనా తెలుస్తుంది.

మర్నాడు సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. మంచివాడే పాపం, మేం కంగారు పడుతుంటామని చేశాడు. హెలికాప్టర్ బాగా కిందికే వచ్చిందట. కుర్రాళ్లు తాళ్లు నడుముకి చుట్టుకునే కూర్చున్నారట. మేకులు నిలిచాయట. పూలన్నీ పెళ్లిపీటల మీదే పడ్డాయట. మీ అన్నయ్యగారిది మరి ఆ రోజు గాలి దెబ్బేనేమోనండీ అన్నాడు.

లోపలికెళ్లి చెప్పాను. ఎవరికీ ఏమీ కాలేదు కదా అని అన్నయ్య రెండుసార్లు అడిగాడు. కాలేదన్నాను. అల్లా దయ అని కళ్లు తుడుచుకున్నాడు. వదిన నీళ్ల గ్లాసు అందిస్తే తాగి, గ్లాసు గుండెల మీద పెట్టుకుని పట్టుకున్నాడు.

"అయితే ఇంక దాన్ని ఎవరూ ఆపర్రా" అన్నాడు.